కల్లు కాంపౌండులో తాటిచెట్టు

యాదన్న తాటిచెట్టు ఎక్కుతుంటే పైన కాకులు లేచి నిలబడి దారి ఇచ్చేవని నేను మా మనవరాలికి చెబుతుంటాను. ఒకసారి మరీ పైకి వెళ్లిపోయాడనీ, అటుగా పోతున్న విమానం కిటికీలోంచి ఎవరో చెయ్యి చాపి కల్లు సీసా అందుకున్నారనీ కూడా చెప్పాను. నేను చదివిన కాన్వెంటులో సిస్టర్లు నా అబద్ధాలు మాన్పించడానికి చెక్క స్కేళ్లు విరగ్గొట్టుకున్నారు. ఫలితం మీరే చూస్తున్నారు. అయితే యాదన్న సంగతిలో నేను పెంచింది కాకులూ విమానం వరకే. మిగతాది జరిగింది జరిగినట్టు చెబుతాను. అందులో పెంచడానికి చోటు లేదు.

మాది బందరు వైపు. ప్రభుత్వ కంపెనీలో ఉద్యోగం దొరికి పటాన్‌చెరు చేరాను. రిటైరయ్యాక రుద్రారం దాటి, హైవే నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊళ్లో ఇల్లు కట్టుకున్నాను. మా ఇంటికీ యాదన్న ఇంటికీ మధ్య ఒక పిట్టగోడ. ఆయన గీత కార్మికుడు. చెట్టును చుట్టి మనిషిని పట్టి ఉంచే మోకు, నడుముకు ఒక పట్టా, వెనక దోపుకున్న కత్తి, ఇవే ఆయన తండ్రి ఇచ్చిపోయిన ఆస్తి. చెట్లను వాటేసుకుని వాటేసుకుని ఛాతీ మీద చర్మం నల్లగా కాయగట్టింది. చొక్కా లేకుండా నిలబడితే చెట్టు బెరడు ముక్క ఎవరో అతికించినట్టు ఉండేది.

ఆయన భార్య బాలమణి. ఆ మనిషి నాలుక గురించి చెప్పాలి. తెల్లవారి యాదన్న దించుకొచ్చిన లొట్టిలోంచి, అంటే కల్లు కుండలోంచి, రెండు గుక్కలు తాగి, అది ఏ చెట్టుదో చెప్పేది. "ఇది బాయికాడి దాని కల్లు. ఇది వంకర చెట్టుది. దీనికి నిన్న మబ్బు పట్టింది, జెర సప్పగున్నది." యాదన్న ఒప్పుకునేవాడు కాదు కానీ మొహంలో గర్వం దాచుకోలేకపోయేవాడు. చెట్టు దగ్గర నాలుగు చుక్కలు తమ గీత దేవుడు కాటమయ్య పేరున నేలకు చల్లి, ఒక లొట్టి ఇంటికి తెచ్చి, తక్కినదే అమ్మేవాడు. ఇంటి లొట్టి ముందు బాలమణిది. మిగిలితే నాకు గోడ మీదుగా ఒక సీసా.

"ఏంది సారూ, ఇంగ్లీషు పేపరు సదువుకుంట కల్లు తాగుతవ్? కల్లుకు కోపమొస్తది" అనేది బాలమణి.

"తెలుగు పేపరు చదివితే?"

"అప్పుడు పేపరుకే కోపమొస్తది."

పగలంతా నాట్లకో కలుపుకో వెళ్లి, పొద్దుగూకాక గడప మీద కూర్చుని ఒక గ్లాసు కల్లు తాగేది. మా ఇంట్లో సాయంకాలం కాఫీ ఎలాగో అక్కడ అది అలా. ఆమె తూలగా నేను ఎన్నడూ చూడలేదు.

తరవాత చెట్లు పోవడం మొదలైంది. వాగులోకి కంపెనీల నీళ్లు వచ్చాక వాగు పక్కవి తలలు వాల్చాయి. మెరక మీదవి ప్లాట్లకు అడ్డమని పొక్లెయిన్లు తోసేశాయి. ఊళ్లో గీత సంఘం ఉంది, కల్లు అమ్మే లైసెన్సు ఆ సంఘానిది. చెట్లు పోయాయి గానీ లైసెన్సు మాత్రం పచ్చగా ఉంది. దాన్ని ముకుంద్ అనే ఆయన గుత్తకు తీసుకున్నాడు. అలా తీసుకున్నవాణ్ణి ఇక్కడ ముస్తాజరు అంటారు. ముకుంద్ సర్వీసు రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసి, సిమెంటు బెంచీలు పోసి, చుట్టూ ప్రహరీ కట్టించి కల్లు కాంపౌండు పెట్టాడు. కట్టేటప్పుడు మధ్యలో ఒక తాటిచెట్టు అడ్డొచ్చింది. మేస్త్రీ కొట్టేద్దామన్నాడు. ముకుంద్ వద్దన్నాడు. ఆ వద్దనడంలోనే అతని తెలివంతా ఉంది.

యాదన్నను పిలిపించాడు.

"యాదన్నా, నీకు ఒక్కటే పని. పొద్దుగాల, సాయంత్రం గీ చెట్టు ఎక్కు. లొట్టి దించి బెంచీల నడుమ నుంచి లోపలికి తీస్కరా. ఎనక గేటు నుంచి గాదు. అందరు సూడాలె."

"ఒక్క చెట్టుకు ఏం పారుతది శేటు? గింతమందికి ఏం సరిపోతది?"

"సరిపెట్టుడు నా పని. ఎక్కుడు నీ పని. ఇగ ఇంకోటి. దీంట్లకెళ్లి ఒక్క సుక్క బయటికి పోవద్దు. ఇంటికి గిట్ల తీస్కపోతే మంచిగుండదు."

వేరే చెట్టు లేదు, వేరే పని రాదు. యాదన్న ఒప్పుకున్నాడు.

సాయంత్రం షిఫ్టు దిగిన కూలీలతో కాంపౌండు నిండిపోయేది. బీహారు వాళ్లు, ఒరిస్సా వాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు. అంతా తలలెత్తి చూస్తుండగా యాదన్న మోకు వేసుకుని ఎక్కేవాడు. గెల చెక్కి, లొట్టి నడుముకు తగిలించుకుని దిగితే కొందరు చప్పట్లు కొట్టేవారు. "దేఖో, పేడ్ సే సీదా! ఏక్‌దం అస్లీ!" అని ఒక బీహారు కుర్రాడు, చెట్టు నుంచి నేరుగా దిగిన అసలు సరుకని, కొత్తగా వచ్చినవాళ్లకు చూపించేవాడు. యాదన్న ఆ లొట్టిని బెంచీల మధ్యనుంచి మోసుకెళ్లి లోపలి గదిలో దించేవాడు. అక్కడ సిమెంటు తొట్టి ఉంది. దాని పక్కన ముకుంద్ పెట్టిన పనివాడు సంగప్ప ఉండేవాడు. తొట్టి నిండా తెల్లటి నీళ్లు. వాటిలో యాదన్న లొట్టి పడగానే నురగ వచ్చేది, కల్లు వాసన వచ్చేది. ఆ నురగ కోసం, ఆ వాసన కోసమే ఆ లొట్టి.

తాటిచెట్టుకు ఏడాదంతా కల్లు పారదు. పారని నెలల్లో కూడా యాదన్న ఎక్కాలి. సంగప్ప కింద నీళ్లు నింపి ఇచ్చిన లొట్టిని బట్ట కప్పి పైకి మోసుకెళ్లి, కాసేపు గెల దగ్గర చేతులాడించి, అదే లొట్టిని కిందికి దించాలి.

"గిదేందిరా సంగప్పా? నీళ్లు మీదికి మోసుడేంది, మల్ల కిందికి మోసుడేంది?"

"కసరత్తు అన్నా. తెల్లాపూర్‌ల పెద్దపెద్ద బిల్డింగులల్ల పైసలు గట్టి జేస్తరట. నీకు ఉత్తగనే."

ఇది నేను కల్పించానని మీరు అనుకుంటారు. కల్పించడం నాకు వచ్చు కాబట్టే చెబుతున్నాను, ఇది నా వల్ల అయ్యే కల్పన కాదు.

ఇంటికి లొట్టి రావడం ఆగిపోయాక బాలమణి కొన్నాళ్లు ఊరుకుంది. ఒక సాయంత్రం కొంగు సర్దుకుని కాంపౌండుకు నడిచింది. చెట్టుకు దగ్గరగా ఉన్న బెంచీ మీద కూర్చుని, మొగుడు చెట్టు దిగి లొట్టి లోపలికి తీసుకెళ్లడం కళ్లారా చూసి, అప్పుడు సీసా తెప్పించుకుంది. పక్కనున్న ఆడవాళ్లతో, "మా ఆయన చేతిది" అందట.

మర్నాడు యాదన్న నా అరుగు మీద కూర్చుని ఆ మాట చెప్పాడు. నవ్వబోయి ఆపుకున్నాడు.

"పెండ్లిల సూసినట్టు సూసింది సారు నా దిక్కు. నేను మొకం తిప్పుకున్న."

"అది నీ కల్లు కాదని చెప్పలేదా?"

"ఇంటికొయ్యి చెప్దామనుకున్న. ఇంటికి పోతే మస్తు కుశీగున్నది. మన చెట్టు ముసల్దైంది, గందుకే రుచి మారిందన్నది. ఊకున్న."

చెట్టు ముసలిదైందట. ప్రతి చెట్టునూ నాలుకతో గుర్తుపట్టే మనిషి, తొట్టిలో తేడా తెలిసి కూడా, మొగుడి చేతిని అనుమానించలేక చెట్టుకు వయసు పెంచింది.

అప్పటి నుంచి యాదన్న చెట్టెక్కేటప్పుడు బెంచీల వైపు చూడటం మానేశాడు. మోకు వేసుకోవడం, ఎదురుగా బెరడు చూస్తూ ఎక్కడం, దిగడం, తల వంచుకుని లోపలికి పోవడం. బాలమణి రోజూ వచ్చేది. ఒక సీసా రెండైంది. సాయంత్రం ఒక్కపూట కాస్తా పొద్దున కూడా అయింది. కూలి పనికి వెళ్లడం తగ్గింది. నాతో గోడ దగ్గర మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, ఏం చెబుతున్నదో మరిచిపోయి, నన్నే అడిగేది.

వాళ్లకు ఒక్కతే కూతురు, శ్రీలత. రుద్రారంలో స్టూడెంట్ల హాస్టలు వంటింట్లో పని చేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. సెలవు రోజు వచ్చి తల్లిని చూసింది. ఆ తరవాత తండ్రి మీద పడింది. గోడకు ఇవతల ఉన్నా నాకు ప్రతి మాటా వినిపించింది.

"నాయినా, అమ్మ మాట ముద్దముద్దగొస్తున్నది. నీకు ఇనపడ్తలేదా?"

"ఎండకు బిడ్డా."

"ఎండకా? పొద్దుగాల నన్ను పట్టుకుని మా మేనత్త పేరు పెట్టి పిల్సింది. చేతుల గ్లాసు నిలుస్తలేదు. నువ్వు చెట్టు మీదికెళ్లి ఊరంత సూస్తవ్, ఇంట్ల సూడవా?"

యాదన్న గడప దిగాడు. నేరుగా కాంపౌండుకు వెళ్లి సంగప్పను పట్టుకున్నాడు. సంగప్ప ఇంతకుముందు ఒక మందుల కంపెనీలో హెల్పరు. అక్కడ పని పోయాక ముకుంద్ దగ్గర చేరాడు. అతని చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ డబ్బా ఉండేది. అందులోని తెల్లటి పొడి కల్లు పులిసిపోకుండా వేసేదని అందరికీ చెప్పేవాడు. యాదన్న కూడా అదే నమ్మాడు, లేదా నమ్ముదామనుకున్నాడు.

"సంగప్పా, నిజం జెప్పు. ఏం కలుపుతున్నవ్?"

"నిద్ర."

"ఏందీ?"

"నిద్ర కలుపుతున్న అన్నా. కంపెనీల రాత్రి లేదు పగలు లేదు, గొడ్డు చాకిరి జేసొస్తరు. వాళ్లకు కల్లు గాదు కావాల్సింది, నిద్ర. చెట్టు కల్లు పోస్తే ఒక్కడు గూడ మల్ల రాడు. గిది తాగినోడు రాకుంట ఉండలేడు."

"మా ఇంటామె తాగుతదిరా."

సంగప్ప డబ్బా మూత బిగించాడట.

"తెల్సన్నా. ఆమెకు జెర తక్కువ పోద్దమంటే గూడ కాదు. అందరికి తొట్టి ఒక్కటే."

ఆ సాయంత్రం యాదన్న భార్యకు చెప్పేశాడు. అది తన కల్లు కాదని, తను మోసేది ఆ తొట్టికి నురగ మాత్రమేనని, అందులో మందు ఉందని. బాలమణి నవ్వింది.

"నన్ను ఆగం జెయ్యకు. దినాం నా కండ్లతోని సూస్తున్న. నువ్వు ఎక్కుతవు, నువ్వు దించుతవు, నువ్వే లోపలికి తీస్కపోతవు. నీ చేతిది గాకపోతే ఎవని చేతిది?"

చూపించడానికి జీతం తీసుకున్న మనిషి, చూసినదాన్ని నమ్మొద్దని ఎలా చెబుతాడు?

ఆ వేసవిలో ఎక్కడో వేరే మండలంలో కల్తీ కల్లు తాగి కొందరు ఆసుపత్రి పాలయ్యారు. దాంతో చుట్టుపక్కల కాంపౌండులన్నీ ఆబ్కారీ వాళ్లు మూయించారు. మా ఊళ్లోనూ తాళం పడింది. వాళ్లు రాకముందే ముకుంద్ తొట్టిని కాలువలోకి వదిలేశాడు. ఆ కాలువలో నీళ్లు తాగిన మేక ఒకటి మర్నాటిదాకా లేవలేదు.

రెండో రోజుకు ఊరు మారిపోయింది. మంచి మంచి మనుషులు, నాకు రోజూ నమస్కారం పెట్టేవాళ్లు, వీధిలో తమలో తాము మాట్లాడుకుంటూ తిరుగుతున్నారు. ఒకాయన గోడకు అంటుకుని నిలబడి, గోడ మీద పడుతోందని కేకలు పెట్టాడు. ఒకామె మెడ పక్కకు తిరిగి బిగుసుకుపోయింది. బాలమణి నేల మీద కూర్చుని, ఒంటి మీద లేని చీమల్ని ఏరి ఏరి గిన్నెలో వేసింది. మధ్యమధ్యలో మూర్ఛ వచ్చి పళ్లు కరుచుకునేది.

యాదన్నకు తోచింది ఒక్కటే. మూసిన కాంపౌండు గోడ దూకి, చెట్టెక్కి, కల్లు దించుకొచ్చాడు. ఎన్నాళ్ల తరవాతో ఇంటికి వచ్చిన ఇంటి లొట్టి అది. గ్లాసులో పోసి ఆమె నోటికి అందించాడు. ఒక గుక్క తాగి ఊసేసింది.

"నీళ్లు! గివి నీళ్లు!" అని గ్లాసు విసిరికొట్టింది. "నీ చేతి కల్లు తే. నీ కాళ్లు మొక్కుత, నీ చేతి కల్లు తే."

శ్రీలతా నేనూ కలిసి ఆటోలో ఆమెను సంగారెడ్డి పెద్దాసుపత్రికి చేర్చాం. వార్డులో మా ఊరివాళ్లే సగం మంది. డాక్టరు మంచివాడు. మంచానికి కట్టేయాల్సి వచ్చినప్పుడు మెత్తటి గుడ్డతో కట్టించాడు. ఇంటికి పంపేటప్పుడు యాదన్నను పక్కకు పిలిచి, "ఈమె ఒళ్లు ఇప్పుడు ఆ మందును మరిచిపోయింది. మళ్లీ పాత లెక్కన తాగితే తట్టుకోలేదు. చెట్టు కల్లయినా సరే, కల్లు వాసన కూడా తగలనీయకండి" అన్నాడు.

బాలమణి నెమ్మదిగా కోలుకుంది. ముందు నిద్ర వచ్చింది, తరవాత ఆకలి. ఒక ఉదయం నేను అరుగు మీద కూర్చుని ఉంటే గోడ అవతల నుంచి గొంతు వినిపించింది.

"సారూ, పేపరు తలకిందులు పట్టుకున్నవ్."

నేను నిజంగానే తలకిందులుగా పట్టుకున్నాను. ఆమె చూస్తుందో లేదో అని పొద్దున్నుంచీ అలాగే పట్టుకుని ఉన్నాను. యాదన్న ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఆమె నవ్వుతుంటే చూసి, ముఖం కడుక్కునే నెపంతో పెరట్లో నీళ్ల కుండీ దగ్గరకు పోయాడు.

అప్పుడే ముకుంద్ వచ్చాడు.

కాంపౌండు తిరిగి తెరవాలంటే ఆబ్కారీ వాళ్ల ఎదుట చెట్టు నుంచి కల్లు దించి నమూనా ఇవ్వాలి. యాదన్న ఎక్కాలి. యాదన్న కాదన్నాడు. ముకుంద్ గొంతు పెంచలేదు. అరుగు మీద నా పక్కనే కూర్చుని, చాలా మర్యాదగా చెప్పాడు.

"లైసెన్సుల గీసేటోని పేరు ఎవరిది? నీది. అమ్మినోని పేరు సంఘానిది. నా పేరు యాడ లేదు యాదన్నా. నమూనా ఇయ్యకుంటే కేసు నడుస్తది. నడుస్తే ముందుగాల లోపలికి పొయ్యేది నువ్వు. ఆలోచన జేస్కో. ఇంట్ల మనిషికి పానం బాగలేదు గద."

అతను వెళ్లాక నేను చెప్పాను. "ఎక్కకు యాదన్నా. ఉన్నది ఉన్నట్టు వాళ్లకు చెప్పేయ్. నేనూ వస్తాను."

"చెప్తే నన్ను గూడ తీస్కపోతరు సారు. ఇప్పుడిప్పుడే నన్ను ఆనవాలు పడుతున్నది. నేను లేకుంటే ఆమె ఎవరింట పడ్తదో ఏమో. నమూనా ఇస్త. ఇచ్చినంక శ్రీలత వచ్చి ఆమెను రుద్రారం తీస్కపోతది. ఆడ కాంపౌండు లేదు. ఇగ శేటు ఏమన్న జేస్కోని."

ఆలోచన తప్పు కాదు. తేడా రోజుల లెక్కలో వచ్చింది, శ్రీలతకు వీలు చిక్కిందీ కాంపౌండు తెరిచిందీ ఒకటే రోజు.

అధికారులు వచ్చారు. తొట్టి కడిగి ఆరబెట్టి ఉంది. యాదన్న వాళ్ల ముందే చెట్టెక్కి, వాళ్ల ముందే లొట్టి దించాడు. వాళ్లు అందులోంచి సీసాలో నింపుకుని లక్క ముద్ర వేశారు. అది అచ్చమైన తాటికల్లు. పరీక్షలోనూ అలాగే తేలింది. ఎన్నాళ్లుగానో ఆ కాంపౌండులో ఒకే ఒక నిజమైన వస్తువు అది, దాన్నే తీసుకెళ్లి కాంపౌండంతటికీ సాక్ష్యం పెట్టారు.

తెరిచిన రోజు బాలమణి బట్టలు సంచిలో సర్దుకుంటోంది. కూతురింటికి పోవడానికి ఆమె కూడా సిద్ధంగానే ఉంది. మధ్యాహ్నం అన్నం పెట్టి, ఆమె కునుకు తీస్తుంటే చూసి, యాదన్న శ్రీలతను తీసుకురావడానికి రుద్రారం వెళ్లాడు. హాస్టల్లో వంట పూర్తయ్యేదాకా కూతురు కదలలేకపోయింది. వాళ్లు బస్సు దిగేసరికి పొద్దు వాలింది. ముకుంద్ మనిషి ఊరి మలుపులోనే కాపు కాసి ఉన్నాడు. కాంపౌండు కిక్కిరిసిపోయిందనీ, లొట్టి కోసం అందరూ చూస్తున్నారనీ అన్నాడు. "ఇదే ఆఖరు" అని కూతురికి చెప్పి, ఆమెను ఇంటికి పంపి, యాదన్న అటు నడిచాడు.

ఎప్పటిలాగే బెంచీల వైపు చూడలేదు. చెట్టుకు అవతలి పక్క మోకు వేసుకుని, ఎదురుగా బెరడు చూస్తూ ఎక్కాడు. గెల చెక్కాడు. లొట్టి తగిలించుకున్నాడు. కింద చప్పట్లు మొదలయ్యాయి. సగం దిగాక చెట్టు మొదట్లో ఎవరో ఆడమనిషి వెనక్కి జారగిలబడి కూర్చున్నట్టు కనిపించింది.

"జరుగమ్మా, దిగుతున్న" అన్నాడు.

ఆమె జరగలేదు. ఇంకొంచెం దిగాడు.

"జరుగు జరుగు. కాలు తగులుతది."

ఆయన కాలు ఆమె భుజానికి తగిలింది. ఆమె పక్కకు ఒరిగింది. ఒళ్లో బట్టల సంచి ఉంది. సంచి పక్కన ఖాళీ సీసాలు, ఆమె పాత లెక్క ప్రకారం. నిద్ర లేచి, ఇంట్లో ఎవరూ లేక, కూతురి ఊరు వెళ్లిపోయే ముందు ఒక్కసారి మొగుడి చేతి కల్లు తాగి పోదామని వచ్చిందని పక్క బెంచీ ఆడవాళ్లు చెప్పారు. మొగుడు చెట్టు దిగేదాకా ఇక్కడే ఉంటానందట. ఎంతకీ లేవకపోతే, ఆయన కోసమే చూస్తూ నిద్రపోయిందనుకున్నారట.

మూసి ఉన్న రోజుల్లో దూరమైనవాళ్లంతా తిరిగి రావాలని ఆ రోజు తొట్టి మామూలుకన్నా గట్టిగా కలపమని ముకుంద్ చెప్పాడట. ఆ మాట నాకు చెప్పింది సంగప్పే. చెప్పిన మర్నాడు ఊళ్లో లేడు. బీదరు వైపు వెళ్లాడన్నారు.

శ్రీలత పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. వాళ్లు వచ్చేసరికి తొట్టి మళ్లీ కడిగి ఆరబెట్టి ఉంది. సీసాలు లేవు. తాగినవాళ్లు ఎవరూ తాగామని చెప్పలేదు, చెబితే కాంపౌండు మళ్లీ మూస్తారని. పోస్టుమార్టంలో తేలిన మందును ఆసుపత్రిలో ఇచ్చిన మందుల ఖాతాలో రాశారు. ఉన్న ఆధారం ఒక్కటే, లక్క ముద్ర వేసిన యాదన్న కల్లు. అందులో ఏ దోషమూ లేదు.

వాళ్ల ఇళ్లలో మనిషి పోతే పాడె లేపేముందు నోట్లో కల్లు పోస్తారు. మర్నాడు ఆసుపత్రి నుంచి శవం వచ్చాక, కులపెద్ద ఒక సీసా తెచ్చి యాదన్న చేతికిచ్చాడు. పక్క ఊరి కాంపౌండు నుంచి తెప్పించింది. పాపం, ఆయన మాత్రం ఎక్కడి నుంచి తెస్తాడు? యాదన్న మూత తీసి వాసన చూశాడు. సీసా మొత్తం మోరీలో వంపేశాడు.

"జెర ఆగుండ్రి" అని మోకు భుజాన వేసుకుని బయలుదేరాడు.

పాడె అలాగే ఉంచి అందరం ఆయన వెనక నడిచాం. కాంపౌండు గేటు దగ్గర కాపలావాడు ఏదో అనబోయి, ఆయన ముఖం చూసి తప్పుకున్నాడు. బెంచీల మీద అప్పటికే జనం ఉన్నారు. అలవాటుగా తలలెత్తారు. ఎవరో చప్పట్లు కూడా మొదలుపెట్టారు. యాదన్న ఎక్కాడు. లొట్టి విప్పి నడుముకు కట్టుకున్నాడు. కానీ వెంటనే దిగలేదు. పైన కత్తి చప్పుడు వినిపించింది. ఒక మట్ట పడింది. ఇంకొకటి. బెంచీల వాళ్లు లేచి గోడ దగ్గరకు పరుగెత్తారు. మట్టలన్నీ పడ్డాక గెలలు పడ్డాయి. ఆఖరికి లోపలి మొవ్వ, తెల్లగా, పసిబిడ్డంత ఉంటుంది, అది పడింది. మొవ్వ పోయిన తాటిచెట్టు ఇక బతకదు. చెట్టుకు మొక్కి కత్తి పెట్టే మనిషి ఆ పని చేయడం చూసి కులపెద్ద చెంపలు వేసుకున్నాడు.

ఇంటికి వచ్చి బాలమణి తల ఒళ్లో పెట్టుకున్నాడు. లొట్టి వంచి పెదవుల మీద పోశాడు. కొంచెం లోపలికి పోయింది, మిగతాది చెంప మీదుగా కారింది.

"ఇది నా చేతిది" అన్నాడు. "తాగు. ఇది నీళ్లు గాదు."

శ్రీలత తల్లి చెంప తుడవబోతే వద్దన్నాడు.

ఇప్పుడు యాదన్న తెల్లాపూర్‌లో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర నీలం చొక్కా వేసుకుని కూర్చుంటాడు. లోపల అలంకారానికి పెంచే తాటిజాతి చెట్లు వరసగా ఉంటాయి, దీపాల తీగలు చుట్టి. మట్టలు కొట్టడానికి మనిషి కావాలంటే, చెట్లెక్కడం తనకు రాదన్నాడట. నేను వెళ్లినప్పుడల్లా టీ తాగిస్తాడు. "ఏమన్న అబద్ధం జెప్పు సారూ" అంటాడు. కాకుల సంగతి చెబుతాను. వింటాడు, నవ్వడు.

మా ఊరి కాంపౌండు నడుస్తూనే ఉంది. ముకుంద్ ఆ మొండి చెట్టును కొట్టించలేదు. పైన ఒక కొక్కెం బిగించి, తాడుతో లొట్టిని పైకి లాగి, సాయంత్రం అందరూ చూస్తుండగా కిందికి దింపిస్తాడు. ఒక్క మట్ట లేదు, ఒక్క గెల లేదు, చెట్టు పైనుంచి కిందిదాకా ఎండి నల్లబడింది. చుట్టూ కూర్చున్నవాళ్లలో సగం మంది తాటిచెట్ల మధ్య పుట్టి పెరిగినవాళ్లే. మొన్న కొత్తగా వచ్చిన ఒరిస్సా కూలీ ఒకడు, ఇది ఏ చెట్టు కల్లని అడిగాడు.

"అగో, గదే" అన్నారు పక్కవాళ్లు చేతులెత్తి చూపిస్తూ. "యాదన్న చెట్టు."

మా మనవరాలు కాకుల్ని నమ్ముతుంది, విమానాన్ని కూడా నమ్ముతుంది. ఎండిన చెట్టు నుంచి రోజూ కల్లు దిగుతుందనీ, జనం చూస్తూ చూస్తూ తాగుతున్నారనీ చెబితే మాత్రం, తాతా ఇది మరీ ఎక్కువైంది అంటుంది.

నేను వాదించను. సాయంత్రం అటు వైపు నడకకు తీసుకెళ్లను కూడా.